మంచాల మీద పరిచిన దేశం

ముప్పై ఏళ్ళకు పైగా నేను చేసిన ఉద్యోగం ఒక్క ముక్కలో చెప్పాలంటే, వాన నీళ్ళు జనం ఇళ్ళలోకి పోకుండా చూడడం. షామ్‌బర్గ్‌కి దగ్గరలో, షికాగో శివారున ఒక సబర్బ్‌లో పబ్లిక్ వర్క్స్ ఇంజనీర్‌ని. ఇక్కడ ఇలాంటి మునిసిపాలిటీని విలేజ్ అంటారు. నేను విలేజ్‌లో పనిచేస్తానని చెబితే మా చుట్టాలు పాపం అన్నట్టు చూసేవారు.

ఇప్పుడు ఇంజనీరింగ్ చదివి కొత్తగా పనిలో చేరుతున్న మన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "ఆంటీ, మీ బిగ్గెస్ట్ ప్రాజెక్ట్ ఏది?" అని అడుగుతుంటారు. పెద్దవన్నీ నా బుర్రలో కలగాపులగమైపోయాయి. ఏ పైపు ఏ వీధిదో కూడా చెప్పలేను. నిన్న జరిగినట్టు గుర్తున్నది ఒకటే. రెండు కార్ల గరాజ్ అంత జాగాలో ఉన్న ఒక దేశాన్ని పల్లం నుంచి మెరకకి జరిపిన పని. అది మీకు చెప్పాలనిపించి రాస్తున్నాను.

మా విలేజ్ చివర ఒక పార్కు ఉంది. దాని పల్లపు మూలలో, గడ్డి మధ్య, కాంక్రీట్‌తో పోసిన ఒక పటం ఉండేది. గోడకు తగిలించే పటం కాదు, నేల మీద పరిచినది. దక్షిణాన మోకాలెత్తు కొండలు, వాటి నుంచి కిందికి నదుల కాలువలు, ఉత్తరాన సముద్రం కోసం లోతు లేని తొట్టి. వాన కురిస్తే ఆ కొండల మీది నీళ్ళు నిజంగానే నదుల్లో పారి సముద్రంలో చేరేవి. నేను మొదటిసారి చూసినప్పుడు, మా డిపార్ట్‌మెంట్ వేసిన డ్రైన్లకన్నా ఇది బాగా పనిచేస్తోందే అనుకున్నాను.

అది యుద్ధానికి ముందున్న పోలండ్. పోసినవాళ్ళు పోలండ్ సైనికులు. రెండో ప్రపంచ యుద్ధం మొదట్లో జర్మనీ, రష్యా ఆ దేశాన్ని చెరి సగం పంచుకున్నప్పుడు వీళ్ళు రష్యా చేతికి చిక్కి సైబీరియా శిబిరాల పాలయ్యారు. అక్కడి నుంచి బయటపడి, ఇరాన్ మీదుగా, పాలస్తీనా మీదుగా ఇటలీ చేరి, గెలిచిన పక్షాన పోరాడారు. తీరా గెలిచాక చూసుకుంటే వాళ్ళలో చాలామంది ఊళ్ళు వేరే దేశంలో కలిసిపోయాయి. గెలిచి ఊరు పోగొట్టుకున్నవాళ్ళు వాళ్ళు. చివరికి షికాగో వచ్చి, ఫ్యాక్టరీల్లో కుదురుకుని, ఆదివారాలు ఒకచోట చేరి తమ దేశాన్ని చేత్తో పోసుకున్నారు.

చిక్కేమిటంటే, ఆ పార్కు పక్క వీధుల్లో వాన గట్టిగా పడినప్పుడల్లా బేస్‌మెంట్లలోకి నీళ్ళొచ్చేవి. నీటిని కాసేపు పట్టి ఉంచడానికి ఒక పెద్ద గుంట తవ్వాలి. గుంటకు పనికొచ్చే పల్లం ఆ ఒక్క మూలే. పటాన్ని పార్కులోనే మెరక వైపుకి జరపగలిగితే జరపండి, లేకపోతే ఫొటోలు తీసుకుని పగలగొట్టండి అని విలేజ్ బోర్డు తీర్మానించింది. జరపగలమా లేదా అన్నది తేల్చి సంతకం పెట్టాల్సింది నేను.

పోసినవాళ్ళలో అప్పటికి బతికున్నది ఒకే ఒక్కడు. తొంభై దాటిన మనిషి. సైన్యంలో సార్జెంట్. అందరూ అలాగే పిలిచేవారు కాబట్టి నేనూ సార్జెంట్ అనే అంటాను. పటం వాళ్ళ సంఘం ఆస్తి, ఆ సంఘానికి ఆయనే పెద్ద. ఆయన ఊ అంటేనే దాన్ని ముట్టుకోవాలి.

మొదటిసారి నేను వెళ్ళిన రోజు వాళ్ళు పటాన్ని కడుగుతున్నారు. ఏడాదికోసారి కడుగుతారట. ముసలమ్మలు, వాళ్ళ పిల్లలు, ఒకరిద్దరు మనవలు, తలా ఒక బ్రష్షు. ఎవరూ దాని మీద కాలు పెట్టలేదు. అడ్డంగా చెక్కలు వేసుకుని, వాటి మీద మోకాళ్ళూని రుద్దుతున్నారు. ఒకావిడ కొండ దగ్గర రుద్దుతూ రుద్దుతూ ఒకచోట టక్కున ఆగింది. అక్కడ గీత లేదు, నది లేదు, ఏమీ లేదు. పక్కనే చారెడు పాచి ఉంది. ఆవిడ బ్రష్షు ఒక్క అంగుళం జరిపితే పోతుంది, జరపలేదు. ఇది నా వాటా కాదు అన్నట్టు లేచి వెళ్ళిపోయింది. భలే పంతం మనుషులు అనుకుని నవ్వుకుని ఊరుకున్నాను.

లోపల ఇనుము ఉందా అని సార్జెంట్‌ని అడిగితే, "బోలెడంత" అన్నాడు.

ఆయన మాట ఒక్కటే చాలదు కాబట్టి స్కాన్ చేయించాం. స్కాన్ రిపోర్ట్ చూసింది మా డిపార్ట్‌మెంట్‌లోనే ఇంకో ఇంజనీర్. మన తెలుగువాళ్ళ అమ్మాయే, ఇక్కడే నేపర్‌విల్‌లో పుట్టి పెరిగింది. వాళ్ళ అమ్మానాన్నలు మాకు స్నేహితులు. ఆఫీసులో పేరు పెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పినా, మీటింగుల్లో కూడా నన్ను ఆంటీ అనేది. మా డైరెక్టర్ అది నా బిరుదేమో అనుకున్నాడు. నేనూ తనని మా అమ్మాయి అనే అంటాను. పనిలో మాత్రం చురుకు. పైగా బేస్‌మెంట్లు మునిగే వీధిలోనే తను ఇల్లు కొనుక్కుంది. అప్పటికే రెండుసార్లు కార్పెట్లు పీకి పారేసింది.

"ఆంటీ, స్టీల్ అంతటా ఉంది. సేమ్ డెప్త్, సేమ్ స్పేసింగ్. వన్ బిగ్ మెష్ లాగా ఉంది. మనం హోల్ థింగ్ ఒకేసారి లిఫ్ట్ చేయొచ్చు" అంది.

ఈ దేశంలో ఇళ్ళకిళ్ళనే కింద ఉక్కు దూలాలు దూర్చి, జాక్‌లతో పైకెత్తి, చక్రాల మీద పక్క వీధికి తీసుకుపోతారు. పటాన్నీ అలాగే జరుపుదామన్నాం. లోపల ఇనుము ఒకే వల అయితే కాంక్రీట్ మొత్తం ఒక్క పలకలా లేస్తుంది, దూలాల మధ్య ఎడం కాస్త ఎక్కువున్నా ఫర్వాలేదు. ఆ లెక్కతోనే దూలాలు పెట్టాం. నేను చూశాను, సంతకం పెట్టాను.

ఇక ఆ రోజు సంగతి.

పొద్దున్నే సైట్‌కి వెళ్ళేసరికి పటం పక్కన గుంట కనిపించింది. పటం జరిపాకే గుంట తవ్వాలని రాసి మరీ ఇచ్చాం. కాంట్రాక్టర్ మనిషి ఫోర్‌మన్, మిషన్ ఊరికే నిలబడి ఉంది కదా అని, ముందు రోజే తవ్వకం మొదలెట్టేశాడు. గుంట తూర్పు వైపు నుంచి పటం అంచుకి నాలుగైదు గజాల దాకా వచ్చేసింది. సాయంత్రానికి పెద్ద వాన అని ఫోన్లన్నీ హెచ్చరిస్తున్నాయి. ఆ తవ్విన గట్టు నానిందంటే పటంతో సహా గుంటలోకి దిగిపోతుంది. నేను ఆయన మీద అరిచాను. ఎంత అరిచానంటే తరువాత ఆయనే నాకు కాఫీ తెచ్చిచ్చాడు.

అప్పటికి చేయగలిగింది ఒక్కటే. వాన రాకముందే ఎత్తి జరిపేయడం.

సార్జెంట్ టై కట్టుకుని, కర్ర ఊతంతో వచ్చి నిలబడ్డాడు. జాక్‌లు మొదలయ్యాయి. పటం వేలెడంత లేచింది. రెండు వేళ్ళంత లేచింది. అప్పుడు అప్పడం విరిగినట్టు చిన్న చప్పుడు. మళ్ళీ ఇంకొకటి.

"ఆపండి" అన్నాను. అన్నీ ఆగాయి.

కొండల దగ్గర మొదలై నదికి అడ్డంగా ఒక బీట, కొలబద్ద పెట్టి గీసినట్టు తిన్నగా. కాంక్రీట్ తనంతట తను పగిలితే అంత తిన్నగా పగలదు. నేను నేల మీద బోర్లా పడుకుని టార్చి వేసి బీటలోకి చూశాను. లోపల తుప్పు పట్టిన ఇనుప చుట్ట కనిపించింది. కాసేపటి దాకా అదేమిటో బుర్రకెక్కలేదు. స్ప్రింగు అది. మంచం స్ప్రింగు.

మా అమ్మాయి నా పక్కనే కూలబడింది. "ఆంటీ, స్కాన్‌లో అంతా స్టీల్ ఉంది కదా. ఇలా ఎలా అయింది? నేను త్రీ టైమ్స్ చెక్ చేశాను."

"నువ్వు చూసింది నిజమే. స్టీల్ ఉంది. అది ఏ స్టీలో మనం అడగలేదు" అన్నాను.

లేచి సార్జెంట్ దగ్గరికి వెళ్ళాను. "లోపల ఏం పెట్టారు?"

"ఇనుము. చెప్పానుగా."

"ఏ ఇనుము, సార్?"

ఆయన కర్ర వైపు చూస్తూ కొంచెం సిగ్గుపడ్డాడు. "మా మంచాలు."

షికాగో వచ్చిన కొత్తలో ఇరవై మంది దాకా ఒకే ఇంట్లో ఉండేవారట. తలా ఒక పాత సైనిక మంచం, అన్నీ ఒకటే రకం, ఒకటే కొలత. ఒక్కొక్కడికీ పెళ్ళయి వేరే ఇల్లు దొరికాక, ఏ పెళ్ళామూ ఆ మంచాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. పారేయడానికి వీళ్ళకు మనసొప్పలేదు. పటం పోద్దామనుకున్నప్పుడు కాంక్రీట్‌లో ఇనుము వేయాలని ఎవడో చెప్పాడు. అంతే, మంచాలు తెచ్చి కాళ్ళు కోసి వరసగా పరిచారు. ఎవడి మంచం మీద వాడు తనకు గుర్తున్న నేల పోశాడు. ఇంకొకడి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. కొండ సరిగ్గా లేదని కొట్టుకున్నారు కూడా. చివర్న పైన సన్నగా పూత పూసి అతుకులు కనపడకుండా చేశారు.

నాకు అప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి. ఆ ముసలావిడ బ్రష్షు ఆపింది మొగుడి మంచం అయిపోయిన చోట. ఇది ఒక్క పలక కాదు. పక్కపక్కన పడుకున్న ఇరవై పలకలు. వాటిని కలిపి పట్టుకున్నది గోరంత మందం పూత. మేమేమో దాన్ని ఒకే దేశంగా లెక్కగట్టి ఎత్తుతున్నాం.

మబ్బు పట్టేసింది. డైరెక్టర్‌కి ఫోన్ చేశాను. ఆయన చెడ్డవాడు కాదు, కానీ నీళ్ళొచ్చే వీధుల జనం ఆయన మీద దుమ్మెత్తి పోస్తున్నారు. "పగిలిందంటున్నావుగా. ఇంక ఆలోచించేదేముంది? పగలగొట్టే బ్రేకర్ పంపిస్తాను. ఆ మట్టి దిగితే మనుషులు పోతారు" అన్నాడు.

"సాయంత్రం దాకా టైమ్ ఇవ్వండి. ముక్కలు ముక్కలుగా తీస్తాను" అన్నాను.

"వాన మొదలై మట్టి కదిలితే మాత్రం వదిలేస్తావు. మాటివ్వు" అన్నాడు. ఇచ్చాను.

మా మాటలు సార్జెంట్ విన్నాడు. కర్ర అడ్డం పెట్టాడు. "ముక్కలా? మా దేశాన్ని ముక్కలు చేయడం మిగతావాళ్ళకు అలవాటే. నేను బతికుండగా ఇక్కడ ఒప్పుకోను. పగలగొట్టుకోండి, అది నయం."

నాకు ఒళ్ళు మండింది. ఒకవైపు ఆకాశం ఉరుముతోంది, ఇంకోవైపు ఈ మనిషి. కానీ ఆయన టై కట్టుకుని మరీ వచ్చాడు. నేను గొంతు తగ్గించాను.

"నేను దేనినీ కోయడం లేదు. మీరు కలపని చోట మాత్రమే విడదీస్తాను. ఎవరి మంచం వాళ్ళకి అలాగే ఉంటుంది. మెరక మీదికి వెళ్ళాక మళ్ళీ అదే వరసలో పక్కపక్కన పడుకోబెడతాను. ఎవరెక్కడో మీరే చెప్పాలి. మీరు తప్ప చెప్పేవాళ్ళు లేరు."

ఆయన కర్ర దించి, నా చేతిలోని సుద్ద ముక్క తీసుకున్నాడు. చెక్క మీద మోకాళ్ళూని, గీతలు గీస్తూ, ఒక్కొక్కటీ ఎవరిదో చెబుతూ పోయాడు. "ఇది వంటవాడిది. ఇది డ్రైవర్‌ది. ఇది లెఫ్టినెంట్‌ది, కొండలు ఎత్తుగా పోశాడు, గొప్పలు ఎక్కువ." తూర్పు అంచున, గుంటకు అన్నిటికన్నా దగ్గరున్న దాని మీద గీత గీసి, "ఇది నాది" అన్నాడు.

"అయితే అదే ముందు తీయాలి. అటే మట్టి కదిలేది" అన్నాను.

"నాది ఆఖరున."

"సార్, అది అన్నిటికన్నా ప్రమాదంలో ఉంది."

"నేను సార్జెంట్‌ని. నది దాటినా, బండి ఎక్కినా, అందరూ అయ్యారో లేదో చూసుకుని నేను ఎక్కాలి. యుద్ధమంతా అలాగే చేశాను. ఇప్పుడు ముందు ఎక్కను. ఒప్పుకుంటే కానివ్వండి, లేకపోతే లేదు."

మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. వాదించే ఒక్కో నిమిషం ఒక్కో మంచాన్ని మింగుతోంది. నేను సరేనన్నాను.

పూత మీద సన్నటి రంపం ఆడించి, ఒక్కొక్క పలకకీ పట్టీలు కట్టి, ఎక్స్‌కవేటర్ చేతికి తగిలించి ఎత్తడం మొదలెట్టాం. మొదట వంటవాడు వెళ్ళాడు. ఎప్పుడూ అందరికీ పెట్టి ఆఖరున తినేవాడట, ఈసారైనా ముందు వెళ్ళనివ్వమన్నాడు సార్జెంట్. ఆ తరువాత గుంట వైపు వరస, ఆయనది ఒక్కటి వదిలి. ఫోర్‌మన్ పొద్దున తిన్న తిట్లకి సమాధానం చెబుతున్నట్టు చేశాడు పని. అంత పెద్ద మిషన్‌తో అంత మెల్లగా దించడం నేను మళ్ళీ చూడలేదు. ఒక్కో పలక గాలిలోకి లేచినప్పుడల్లా కింద నుంచి మంచం చట్రం కనిపించేది. లేచినంతసేపూ సార్జెంట్ కర్ర ఒంటికి ఆనించుకుని నిటారుగా నిలబడేవాడు.

సగం పైగా అయ్యాక వాన మొదలైంది. ముందు తుంపర, తరువాత జడి. ఇంక మూడున్నాయనగా గుంట గట్టు మీద గడ్డిలో సన్నటి పగులు కనిపించింది. నేను దాని మీదనుంచి చూపు తిప్పలేదు. ఇంక రెండు. లెఫ్టినెంట్ కూడా వెళ్ళిపోయాడు. ఆఖరుదొక్కటీ మిగిలింది.

పగులు బొటనవేలంత వెడల్పయింది.

మా అమ్మాయి అప్పటికే ఆ పలక పక్కన, గట్టు వైపు, మోకాళ్ళ మీద కూర్చుని పట్టీ దూరుస్తోంది. తన రిపోర్ట్ వల్లే ఇదంతా అయిందని పొద్దుటి నుంచి మింగలేక కక్కలేక ఉంది, నాకు తెలుసు.

"ఇవతలికి వచ్చెయ్యి" అని కేకేశాను.

"ఆంటీ, ఒక్క స్ట్రాప్. ఒన్ మినిట్. ఐ హ్యావ్ ఇట్."

"వదిలెయ్యమన్నానా. రా."

"ఇది ఆయనది ఆంటీ. నేను వదలను."

ఫోర్‌మన్ మిషన్ మీదనుంచి నా వైపు చూశాడు. ఎత్తాలా వద్దా అని. మిషన్ బరువు ఆ గట్టు మీద పడితే ఇద్దరూ పోతారు. నేను చెయ్యి అడ్డంగా ఊపాను, వద్దని. అది ఊపినప్పుడు నేను ఏం వదిలేస్తున్నానో నాకు తెలుసు. పిల్ల మాత్రం కదలలేదు. వాళ్ళమ్మకి ఏం చెప్పాలా అన్న ఆలోచన కూడా వచ్చింది.

అప్పుడు నా వెనక నుంచి ఒక కేక వినిపించింది. పోలిష్ భాష. ఒకే ఒక్క మాట. అర్థం నాకూ తెలియదు, ఆ పిల్లకీ తెలియదు. కానీ అది విన్నాక కూర్చుని ఉండగలిగిన మనిషి ఉండడు. ఆ అమ్మాయి లేచి పరుగెత్తుకొచ్చింది. సార్జెంట్ మళ్ళీ మామూలు ఇంగ్లీషులో మెల్లగా అన్నాడు. "నా మంచం కోసం అక్కడ ఎవరూ నిలబడరు."

ఆ మాట అన్న కాసేపటికే గట్టు కదిలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. మట్టి మెత్తగా జారింది, దాంతోపాటే ఆ పలక ఒక పక్కకి ఒరిగి, కిందికి దిగి, గుంట అడుగున రెండుగా విరిగింది. మీద బురద కప్పేసింది. మా అమ్మాయి నా భుజం పట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, వానలో తెలియలేదు. సార్జెంట్ మాత్రం మెరక మీద ఉన్న పలకల వైపు తిరిగి, పెదాలు కదుపుతూ అందరూ ఉన్నారో లేదో చూసుకున్నాడు.

గుంట ఆ శీతాకాలానికి పూర్తయింది. ఆ వీధుల్లో బేస్‌మెంట్లు తరువాత మునగలేదు. మా అమ్మాయి కొత్త కార్పెట్ వేయించుకుంది. స్కాన్ ఇనుముందని చెబుతుంది గానీ అది ఎవరి మంచమో చెప్పదని ఇప్పుడు తన కింద పనిచేసే వాళ్ళకి క్లాసు పీకుతూ ఉంటుంది. నేను అనాల్సిన మాట అది, తను కొట్టేసింది.

వసంతంలో పటాన్ని మెరక మీద సార్జెంట్ చెప్పిన వరసలోనే పరిచాం. తూర్పు అంచున మంచమంత ఖాళీ మిగిలింది. మా అమ్మాయి పాత ఫొటోలన్నీ సంపాదించి, ఆ ముక్కని కంప్యూటర్‌లో తిరిగి తయారుచేసింది. ఎత్తుపల్లాలు, వాగు, అన్నీ అచ్చంగా. అచ్చు పోసి పెట్టేస్తామని చెప్పడానికి నేను వెళ్ళాను.

సార్జెంట్ అప్పటికే అక్కడున్నాడు. ఆ ఖాళీలో, గడ్డి మీద, ఒక మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ మూడు వైపులా స్నేహితుల నేల.

నేను చెప్పిందంతా విని తల అడ్డంగా ఊపాడు. "అమ్మాయికి థాంక్స్ చెప్పు. కానీ వద్దు."

"అది మీ ఊరు కదా సార్. ఖాళీగా వదిలేస్తే ఎలా?"

"అది ఉన్నన్నాళ్ళూ నేను పక్కన చెక్క మీద మోకాళ్ళూని కడిగాను. మా ఊళ్ళో నేను కాలు పెట్టింది పంతొమ్మిదేళ్ళప్పుడు. మళ్ళీ ఇప్పుడే." కర్రతో కుర్చీ పక్క గడ్డి చూపించాడు. "రా, కూర్చో. జాగా ఉంది."

నేను బూట్లు విప్పి లోపలికి వెళ్ళాను.